పెళ్ళిలోపు పది పళ్ళకు క్యాపులు వేయించుకోనా?

ఉత్తరం: బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్న 26 ఏళ్ళ అమ్మాయి మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సొంతూరు కనిగిరి దగ్గర పల్లె. ఇంటర్‌కి ఒంగోలు వెళ్ళేదాకా ఊళ్ళో బోరు నీళ్ళే తాగారు. పాలపళ్ళు బాగానే ఉండేవని అమ్మ చెబుతారట. అవి ఊడి మళ్ళీ వచ్చినవి మాత్రం సున్నం చిలకరించినట్టు తెల్లమచ్చలతో వచ్చాయి. హైస్కూలుకొచ్చేసరికి పై ముందుపళ్ళ మీద ఇటుకరంగు చారలు తేలాయి. తమ్ముడివీ అలాంటి పళ్ళే. చెన్నైలో పుట్టి పెరిగిన పిన్ని కూతురికి మాత్రం ఆ జాడే లేదు.

శ్రావణంలో నిశ్చితార్థం అయింది, పెళ్ళి మాఘంలో. నిశ్చితార్థం రోజు అబ్బాయి మేనత్త అందరి ముందూ "పళ్ళేంటమ్మా అలా ఉన్నాయి, వక్కపొడి అలవాటా?" అన్నారు. అబ్బాయి నవ్వేసి మాట మార్చాడు గానీ, ఆ రోజు నుంచి ఈ అమ్మాయి నోరు తెరిచి నవ్వడం మానేశారు. అమ్మ చెప్పిందని నెలన్నరగా బొగ్గుపొడిలో నిమ్మరసం పిండి రోజూ పళ్ళు రుద్దుతున్నారు. అదీ పరగడుపున నిమ్మరసం, తేనె కలిపిన నీళ్ళు తాగిన వెంటనే. ఇప్పుడు చల్లటి నీళ్ళు తగిలితే ప్రాణం జివ్వుమంటోంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఒక క్లినిక్‌లో చూపిస్తే "ఎనామిల్ మొత్తం పోయింది. పైన పది పళ్ళు అరగదీసి జిర్కోనియా క్యాపులు వేద్దాం. రెండు సిట్టింగులు, లక్షా అరవై వేలు, ఈఎంఐ ఉంది" అన్నారు. ఐదు వేలు అడ్వాన్సు కూడా కట్టేశారు. క్యాపులు వేయించుకోవాలా, 'ఎనామిల్ రిపేర్' అని అమ్మే పేస్టులతో అది మళ్ళీ పెరుగుతుందా, ఫ్లోరైడ్ వల్ల పాడైన పళ్ళకు ఫ్లోరైడ్ పేస్టు వాడొచ్చా, అబ్బాయికి ఏం చెప్పాలి, రేపు పుట్టే పిల్లలకూ ఇదే వస్తుందా అని అడిగారు.

సమాధానం:

ముందు క్లినిక్‌లో అన్న మాట దగ్గర ఆగుదాం. "ఎనామిల్ (పంటి మీది గట్టి పైపొర) మొత్తం పోయింది" అన్నారు. మీరు రాసిన వివరాలను బట్టి అది పోయి ఉండే అవకాశం చాలా తక్కువ. ఎనామిల్ ఉంది, బహుశా పూర్తి మందంతోనే ఉంది. కాకపోతే లోపల గుల్లగా ఉంది. పోయిన దానికైతే పైన ఏదో ఒకటి తొడగాలి. గుల్లగా ఉన్నదాన్ని నింపొచ్చు, పైపైన చెక్కొచ్చు, అసలు ముట్టుకోకుండా వదిలేయనూ వచ్చు. మీ లక్షా అరవై వేల ప్రశ్న అంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

ఎనామిల్‌లో ఏముందో కాస్త ఓపిగ్గా చూద్దాం, మిగతా జవాబులన్నీ అందులోంచే వస్తాయి. బరువులో 96 శాతం ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన హైడ్రాక్సీఅపటైట్ అనే స్ఫటికాలు. మిగిలిన నాలుగు శాతం నీరు, కొద్దిపాటి మాంసకృత్తులు. దాని కింద ఉండే డెంటిన్‌లో ఖనిజం 70 శాతమే. ఒంట్లో ఎనామిల్‌ కన్నా గట్టి పదార్థం లేదు. ఆ స్ఫటికాలు ఇష్టం వచ్చినట్టు పడి ఉండవు. వేలాది స్ఫటికాలు కట్టకట్టి ఒక కడ్డీ అవుతాయి. కడ్డీ అడ్డుకొలత సుమారు 5 మైక్రాన్లు (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఇలాంటి కడ్డీలు లక్షల్లో డెంటిన్ దగ్గర మొదలై పైముఖం దాకా, కట్టెలమోపులా ఒత్తుగా పేర్చి ఉంటాయి. నమిలే పళ్ళ మొనల మీద ఈ పొర రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. పై ముందుపళ్ళ ముఖం మీద మధ్యలో దాదాపు ఒక మిల్లీమీటరు, చిగురు దగ్గరికొచ్చేసరికి కత్తి అంచులా సన్నబడిపోతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. మీకు జివ్వుమనేది ఎక్కడో అదే చెబుతుంది.

ఈ పొరను కట్టేవి అమెలోబ్లాస్టులనే కణాలు. పన్ను ఇంకా చిగురు లోపల దవడ ఎముకలో ఉండగానే రోజుకు సుమారు 4 మైక్రాన్ల చొప్పున పేర్చుకుంటూ పోతాయి. మన ఇళ్ళ స్లాబుకు సెంట్రింగ్ కొట్టినట్టే, అవి ముందు అమెలోజెనిన్ అనే మాంసకృత్తితో ఒక దిమ్మె కడతాయి. అందులో సన్నటి స్ఫటికాలు మొలుస్తాయి. తర్వాత ఆ సెంట్రింగ్‌ని ఎంజైములు విప్పేస్తాయి. ఖాళీ అయిన చోటల్లా స్ఫటికాలు లావెక్కి ఒకదానికొకటి ఆనుకుంటాయి. పన్ను నోట్లోకి వచ్చేసరికి కట్టిన కణాలు ఒక్కటీ మిగలవు. పని అయిపోయింది, మేస్త్రీలు వెళ్ళిపోయారు, మళ్ళీ పిలిచినా వచ్చేవాళ్ళు లేరు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది. ఎనామిల్ అరిగితే అరిగినట్టే.

పిల్ల తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే సరిగ్గా ఈ సెంట్రింగ్ విప్పే దశలో తేడా వస్తుంది. మాంసకృత్తి వెళ్ళాల్సిన వేగంతో వెళ్ళదు. అది ఉన్నచోట స్ఫటికం పూర్తిగా నిండదు. మందం సరిగ్గానే వస్తుంది, పైన సన్నటి పొర గట్టిగానే ఉంటుంది, దాని కింద మాత్రం సూక్ష్మమైన గుల్లలు మిగిలిపోతాయి. దీన్నే డెంటల్ ఫ్లోరోసిస్ అంటారు. పై ముందుపళ్ళ ఎనామిల్ కట్టుబడి నాలుగైదేళ్ళ వయసుకల్లా పూర్తవుతుంది. అద్దంలో మీరు చూస్తున్న తెల్లమచ్చలు బడిలో చేరకముందే పడ్డవన్నమాట. ఇటుకరంగు మాత్రం పుట్టుకతో వచ్చింది కాదు. పన్ను బయటికొచ్చాక ఆ గుల్లల్లోకి తిండిలోని, నీటిలోని రంగులు ఏళ్ళ తరబడి ఇంకి తేలింది. మీవి తెల్లగా వచ్చి తర్వాత ఎర్రబడ్డాయని రాశారు కదా, అందుకే.

పాలపళ్ళు బాగుండటం, తమ్ముడికీ ఉండటం, చెన్నై పిన్ని కూతురికి లేకపోవడం, ఈ మూడూ నీళ్ళ వైపే వేలు చూపిస్తున్నాయి. పాలపళ్ళ ఎనామిల్ ఎక్కువ భాగం తల్లి కడుపులోనే తయారవుతుంది కాబట్టి బోరు నీళ్ళ దెబ్బ వాటికి అంతగా తగలదు. ఇది వంశపారంపర్యంగా వచ్చే ఎనామిల్ లోపమైతే సాధారణంగా పాలపళ్ళ నుంచే కనిపిస్తుంది. మీకు మీరే ఇంకో పరీక్ష చేసుకోవచ్చు. పగటి వెలుతురులో, పెదవి పైకెత్తి పట్టుకుని, టిష్యూతో ముందుపళ్ళు తుడిచి ఒక నిమిషం తడి తగలకుండా ఆరనివ్వండి. మచ్చలు ఇంకా తెల్లబడి, అడ్డంగా సన్నటి గీతల్లా, కుడిపక్క పన్నుకూ ఎడమపక్క పన్నుకూ దాదాపు ఒకేలా కనిపిస్తే ఫ్లోరోసిస్ లక్షణమే. ఒక్క పన్ను మీదే గీత గీసినట్టు అంచులున్న మచ్చ ఉన్నా, చిగురు వెంబడే నెలవంకలా తెల్లగా ఉన్నా సంగతి వేరు. రెండోది పుచ్చు మొదలవుతున్న గుర్తు కావచ్చు. ఆ పరీక్షలోనే గోరుతో మెల్లగా గీరి చూడండి. నున్నగా జారితే పైపొర నిలిచి ఉంది. గుంటలు గుంటలుగా తగిలితే అక్కడ పెళుసుపొర పెచ్చు ఊడింది. డాక్టరుకు చెప్పాల్సిన అతి ముఖ్యమైన విషయం ఇదే. మచ్చకు ఒక వైద్యం, గుంటకు వేరే వైద్యం.

వక్కపొడి అలవాటా అని అడిగినావిడకు చెప్పడానికైనా ఇది తెలిసి ఉంటే మంచిది. ఇలాంటి మచ్చల గురించి అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్‌లో ఫ్రెడరిక్ మెక్‌కే అనే దంతవైద్యుడు 1901 నుంచి వెంటపడి అడిగితే, నీళ్ళలోని ఫ్లోరైడే కారణమని 1931లో గానీ తేలలేదు. ఆ తర్వాత ఆరేళ్ళకే, 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని వైద్య పత్రికల్లో అచ్చయింది. మీ కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోదే. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. మీ తాతల కాలం నుంచీ మీ నేల కింది రాళ్ళు చేస్తున్న పని ఇది. పళ్ళు తోముకోకపోవడం వల్ల వచ్చిన గార కాదు, పాచి కాదు.

ఇప్పుడు బొగ్గూ నిమ్మకాయా. ఇవి ఈ రోజే ఆపండి. పచ్చి మామిడికాయ తింటే పళ్ళు పులిశాయంటాం చూశారూ, ఆ పులుపు తగిలినప్పుడు జరిగేది మాటవరసకు కాదు, నిజంగానే పైపొర కరుగుతుంది. నోట్లో పీహెచ్, అంటే పులుపు కొలత (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), సుమారు 5.5 కంటే కిందికి దిగితే ఎనామిల్ స్ఫటికాల్లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ బయటికి రావడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ రెండు, రెండున్నర మధ్య ఉంటుంది. ఈ కొలతలో ఒక్కో మెట్టూ పదింతలు కాబట్టి, 5.5కీ 2.5కీ మధ్య ఆమ్లత్వం తేడా వెయ్యి రెట్లు. పైగా నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టుకుని లాక్కుపోతుంది కూడా. అలా మెత్తబడిన పైపొరను లాలాజలం గంటసేపట్లో కొంతవరకు గట్టిపరుస్తుంది. మీరు ఆ గంట ఇవ్వకుండా, మెత్తగా ఉన్నప్పుడే గరుకు బొగ్గుతో రుద్దారు. నెలన్నరలో ముందుపళ్ళ మధ్యభాగం అరిగిపోదు గానీ, చిగురు దగ్గర కత్తి అంచులా ఉందన్నానే, అక్కడ పలచబడి డెంటిన్ బయటపడి ఉంటుంది. డెంటిన్ నిండా సన్నటి గొట్టాలు, వాటిలో ద్రవం. చల్లనిది తగిలితే ఆ ద్రవం కదులుతుంది, లోపలి నరం ఉలిక్కిపడుతుంది. ఎనామిల్‌కి నరం లేదు. పన్ను జివ్వుమంటే ఎక్కడో డెంటిన్ దాకా దారి పడిందని అర్థం. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఎనామిల్ గాజులా వెలుగును లోపలికి పోనిస్తుంది, పసుపురంగు డెంటిన్‌ది. తెల్లబరచాలని ఎనామిల్ అరగదీసే కొద్దీ లోపలి పసుపే పైకి తేలుతుంది. మీ అమ్మగారిని తప్పుపట్టక్కర్లేదు, పూర్వం కచ్చికతోనో వేపపుల్లతోనో తోమినవాళ్ళు నిమ్మకాయ పిండుకోలేదు.

నిమ్మరసం నీళ్ళు తాగక తప్పదంటే గుక్కగుక్కగా చప్పరించకుండా ఒక్కసారే తాగేసి, మంచినీళ్ళు పుక్కిలించి, అరగంట నుంచి గంట వరకు బ్రష్ ముట్టుకోకండి. లేదా లేవగానే ముందు బ్రష్ చేసుకుని ఆ తర్వాత తాగండి. మెత్తటి బ్రష్, శనగగింజంత పేస్టు. ఉమ్మేశాక నోరు కడుక్కోకండి. నురుగులో ఉన్న ఫ్లోరైడ్ కాసేపు పళ్ళ మీద ఉండాలి. జివ్వుమనడానికి పొటాషియం నైట్రేట్ 5 శాతం ఉన్న పేస్టు గానీ, స్టానస్ ఫ్లోరైడ్ ఉన్నది గానీ తీసుకుని రోజుకు రెండుసార్లు వాడండి. రాత్రి పడుకునే ముందు వేలితో చిగురు దగ్గర కొంచెం రాసి వదిలేయండి. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మూడో రోజుకే పని చేయట్లేదని మార్చేయొద్దు. నెల దాటినా తగ్గకపోయినా, ఒకే పన్ను పోటు పెడుతున్నా, రాత్రిళ్ళు నొప్పి లేపుతున్నా అది వేరే సమస్య, ఎక్స్‌రే కావాలి.

ఫ్లోరైడ్ వల్ల పాడైన పళ్ళకు ఫ్లోరైడ్ పేస్టా అన్న మీ ప్రశ్న చాలామంది అడగాల్సినది, అడగరు. ఫ్లోరోసిస్ వచ్చేది పన్ను తయారయ్యేటప్పుడు, మింగిన ఫ్లోరైడ్ రక్తంలో కలిసి చిగురు లోపలి కణాలను చేరితేనే. మీ పళ్ళు తయారై ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు పేస్టులోని ఫ్లోరైడ్ పైనుంచి తగిలి, కరిగిన చోట కాల్షియం తిరిగి చేరేలా చేస్తుంది. అలా ఏర్పడే స్ఫటికం ఇంకాస్త గట్టిది, పీహెచ్ 4.5 దాకా తట్టుకుంటుంది. మన దేశంలో మామూలు పేస్టుల్లో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల పాళ్ళకు వెయ్యి పాళ్ళు) దాటకూడదన్న నియమం ఉంది. ఉమ్మేసే పెద్దవాళ్ళకు దానితో భయం లేదు. ఇక 'ఎనామిల్ రిపేర్' అని రాసి ఉన్న పేస్టులు: మెత్తబడిన కొన్ని మైక్రాన్ల పొరను గట్టిపరచడానికి, డెంటిన్ గొట్టాల మూతులు మూయడానికి పనికొస్తాయి. ఆ మేరకు రిపేరన్నది అబద్ధం కాదు. కొత్త కడ్డీలు మొలిపించడం మాత్రం వాటి వల్ల కాదు. మేస్త్రీలు లేరు కదా.

అసలు ప్రశ్నకు వద్దాం. మీ ముందు ఒకటి కాదు, నాలుగైదు దారులున్నాయి. కోత తక్కువైనవి ముందు, ఎక్కువైనవి తర్వాత అన్న వరసలో చెబుతాను. తక్కువ కోత నుంచి ఎక్కువ కోతకు ఎప్పుడైనా వెళ్ళొచ్చు, వెనక్కి మాత్రం రాలేరు.

మొదటిది ఏమీ చేయించుకోకపోవడం. గోరుకు నున్నగా తగిలిన పళ్ళకు ఇదీ గౌరవమైన దారే. మచ్చ పెరగదు, పాకదు. తేలికపాటి ఫ్లోరోసిస్ పళ్ళు పుచ్చును బాగానే తట్టుకుంటాయి కూడా. మీకు అది చాలదని ఉత్తరంలోనే తెలుస్తోంది కాబట్టి ముందుకెళ్దాం.

ఇటుకరంగు చారలకు మొదట అడగాల్సింది మైక్రోఅబ్రేషన్. చిగుళ్ళకు తగలకుండా రబ్బరు తెర కట్టి, తక్కువ గాఢత హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సన్నటి రాపిడి పొడి కలిపిన ముద్దను నెమ్మదిగా తిరిగే రబ్బరు కప్పుతో పన్ను మీద నిమిషం చొప్పున రుద్ది, కడిగి, చూసి, మళ్ళీ రుద్దుతారు. చివర్లో ఫ్లోరైడ్ పూస్తారు. మత్తు సూది అక్కర్లేదు. నిమ్మరసం వద్దని ఇక్కడ యాసిడ్ పెట్టించుకోమంటారేం అని మీకు అనిపించొచ్చు. రోజూ లెక్కాపత్రం లేకుండా చేయడానికీ, జీవితంలో ఒకసారి కళ్ళెదుట కొలిచి చేయడానికీ ఉన్న తేడా అది. మొత్తం మీద పోయేది మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే రెండు పదోవంతులు. రంగు ఎక్కువగా ఆ లోతులోనే ఉంటే ఒకటి రెండు సిట్టింగుల్లో వదిలేస్తుంది. అంతకన్నా లోతుగా ఉంటే ఎంత రుద్దినా వదలదు. పది సార్లకు మార్పు కనిపించకపోతే ఆపేయమని ముందే చెప్పి కూర్చోండి. ఇంకో మాట, ఆ రోజే అద్దం చూసి తీర్పు చెప్పకండి. పళ్ళు ఆరి ఉంటాయి కాబట్టి తెల్లమచ్చలు ఎక్కువగా కనబడతాయి. వారం ఆగి చూడండి.

పోయింది ఎరుపే, తెల్లమచ్చలు మిగిలాయి అనుకుంటే రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ అనేది ఒకటుంది, అంటే గుల్లల్లోకి ప్లాస్టిక్‌లాంటి పలచటి ద్రవాన్ని ఇంకించి గట్టిపరచడం. పూరీలు పెట్టిన కాగితం మీద నూనె మరక పడితే ఆ చోట కాగితం అవతలి అక్షరాలు కనబడతాయి కదా, అచ్చం అదే సూత్రం. ఎనామిల్‌కి వెలుగును వంచే గుణకం 1.62. గుల్లల్లో ఉన్న నీటికి 1.33, ఆరితే గాలికి 1. ఈ తేడా వల్ల వెలుగు చెదిరి సున్నంలా కనిపిస్తుంది. ఆ గుల్లల్లోకి సుమారు 1.5 ఉన్న పలచటి రెజిన్ ఇంకితే వెలుగు చెదరడం తగ్గి, మచ్చ చుట్టుపక్కల ఎనామిల్‌లో కలిసిపోతుంది. ముందు 15 శాతం ఆమ్లపు జెల్ రెండు నిమిషాలు పెట్టి పైన ఉన్న గట్టిపొరను తెరుస్తారు. కడిగి ఆరబెట్టి, స్పిరిట్‌లాంటి ఇథనాల్ అర నిమిషం రాస్తారు. ఇక్కడ మీరూ అద్దం అడిగి చూడండి. ఇథనాల్ తడికి మచ్చ మాయమైతే రెజిన్‌తోనూ మాయమవుతుంది. మాయం కాకపోతే ఇంకోసారి జెల్ పెట్టాలి. ఫ్లోరోసిస్ పళ్ళలో పైపొర ఆమ్లానికి మొండిగా ఉంటుంది కాబట్టి రెండు మూడుసార్లు పెట్టాల్సి రావడం మామూలే. తర్వాత రెజిన్ మూడు నిమిషాలు ఇంకనిచ్చి నీలి లైటుతో గట్టిపరుస్తారు. డ్రిల్లింగ్ ఉండదు. ఎరుపు ఉన్నచోట నేరుగా ఇది చేస్తే ఎరుపును లోపలే పెట్టి సీలు వేసినట్టవుతుంది, అందుకే వరస తప్పకూడదు.

మధ్యలో బ్లీచింగ్ అవసరం పడొచ్చు. మీ పళ్ళ కొలతకు చేసిన ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసుకుని రాత్రిపూట రెండు మూడు వారాలు. మొదటి వారం మచ్చలు ఇంకా తెల్లబడి కంగారు పెడతాయి, చుట్టూ రంగు అందుకున్నాక సర్దుకుంటుంది. జివ్వుమనడం తగ్గకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. గర్భంతో ఉన్నప్పుడు వద్దంటారు కాబట్టి చేయించుకుంటే పెళ్ళికి ముందే మంచిది. బ్లీచింగ్ అయ్యాక రెండు వారాలు ఆగితే గానీ రెజిన్ సరిగ్గా అంటదు, పంటిలో మిగిలిన ఆక్సిజన్ అడ్డుపడుతుంది. ఈ రెండు వారాలు ఎగ్గొట్టి అదే రోజు ఫిల్లింగ్ పెట్టే చోట, మూడు నెలలకు ఫిల్లింగ్ ఊడొచ్చిందంటే ఆశ్చర్యం లేదు.

గుంటలున్న పళ్ళకు ఇవి సరిపోవు. అక్కడ కాంపోజిట్, అంటే పంటిరంగు ఫిల్లింగ్ పదార్థాన్ని ముఖం మీద పలచగా పరుస్తారు. పన్ను కోయాల్సింది దాదాపు ఉండదు. కాఫీ మరకలు పడతాయి, అంచులు చిట్లుతాయి, ఐదారేళ్ళలో మళ్ళీ చేయించాలి. కానీ పాడైన ముక్కను మాత్రం మార్చొచ్చు, మనసు మారితే తీసేయించొచ్చు. పింగాణీ వెనీరు, అంటే పంటి ముఖం మీద అతికించే పలచటి బిళ్ళ అయితే అందం ఎక్కువ, ఆయుష్షు ఎక్కువ. దానికోసం ముఖం మీద 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్లు చెక్కుతారు. చెక్కు ఎనామిల్‌లోనే ఆగితే గట్టిగా పట్టుకుంటుంది. డెంటిన్‌లోకి దిగితే పట్టు తగ్గుతుంది. మీ మధ్యపళ్ళ ముఖం మీద ఉన్నది ఒక మిల్లీమీటరు, చిగురు దగ్గర అందులో సగమో ఇంకా తక్కువో. లెక్క మీరే వేసుకోండి.

చివరిది మీకు మొదట చెప్పినది. జిర్కోనియా (పింగాణీలాంటి గట్టి తెల్ల పదార్థం) క్యాపు పట్టాలంటే పన్ను చుట్టూ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు, కొన దగ్గర రెండు మిల్లీమీటర్ల దాకా తీసేయాలి. ఎనామిల్ దాదాపుగా మొత్తం, దాని కింద డెంటిన్ కొంత వెళ్ళిపోతుంది. కనబడే పన్నులో సగానికి పైగా పోతుందన్నమాట. "ఎనామిల్ మొత్తం పోయింది" అన్న మాట నిజమయ్యేది అప్పుడే. అరగదీసిన పళ్ళలో కొన్నింటికి ఏళ్ళు గడిచాక నరం చచ్చి రూట్ కెనాల్ అవసరమవుతుంది. క్యాపుకు పదిహేనేళ్ళ ఆయుష్షు అనుకున్నా, మీకు 26 ఇప్పుడు. 41కి ఒకసారి, 56కి ఇంకోసారి, పదింటికి పది. పెళ్ళి ఫొటోల్లో బాగుంటాయి, అందులో అబద్ధం లేదు. రెండు సిట్టింగుల్లో అయిపోతుంది, రంగు ముందే చూపించొచ్చు. అందుకే చాలామంది దీన్నే చెబుతారు. అందరూ మోసం చేస్తున్నారని కాదు. పన్ను సగం విరిగి ఉంటేనో, రూట్ కెనాల్ అయి ఉంటేనో, గుంటలతో ఆకారమే పోయి ఉంటేనో క్యాపు సరైన వైద్యం. మీ పదింటిలో అలాంటి పన్ను ఒకటో రెండో ఉంటే వాటికి వేయించుకోండి. పది పళ్ళకూ ఒకే మందు రాశారంటే మాత్రం, ఒక్కో పన్నునూ విడిగా చూశారా అన్నది నా అనుమానం.

మాఘానికి ఇంకా నాలుగు నెలలుంది. మూడు వారాలు పేస్టుతో జివ్వుమనడం తగ్గించుకుని, ఒకటి రెండు సిట్టింగులు మైక్రోఅబ్రేషన్, నెల ఆగి చూసి కావాలంటే బ్లీచింగ్, రెండు వారాల విరామం, ఆపైన ఇన్‌ఫిల్ట్రేషనో కాంపోజిటో. అన్నీ కలిపినా మూడు నెలలు, మూడున్నర. వీటిలో రెండో మెట్టు దగ్గరే "ఇది చాలు" అనిపిస్తే అక్కడే ఆగిపోండి. ఒకటి మాత్రం ముందే చెప్పాలి: ఈ దారిలో పళ్ళు టీవీ ప్రకటనలోలా కాగితం తెలుపు కావు. మచ్చలు మసకబారి, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ చూపు అక్కడ ఆగకుండా ఉంటుంది. మీకు కావాల్సింది ఆ కాగితం తెలుపే అయితే నిరాశ తప్పదు, వెనీర్ల గురించి తీరిగ్గా పెళ్ళయ్యాక ఆలోచించుకోవచ్చు.

రెండో అభిప్రాయం కోసం కె.ఆర్. మార్కెట్ దగ్గర విక్టోరియా ఆసుపత్రి పక్కన ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. అక్కడైనా, ఇంకే డెంటల్ కాలేజీలోనైనా కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ విభాగం అని అడగండి. క్యాపులు చేసే విభాగం వేరు. సెలవు పెట్టుకుని పొద్దున్నే వెళ్ళాలి, లైనుంటుంది. "ఏ పన్ను మీద మచ్చ, ఏ పన్ను మీద గుంట? ఒక్కోదాని నుంచి ఎంత మందం తీస్తారు?" అని అడిగి, పంటి పంటికీ కాగితం మీద రాయించుకోండి. మొదలుపెట్టే ముందు పగటి వెలుతురులో ఫొటోలు తీసి ఉంచుకోండి. అడ్వాన్సు తిరిగి అడగండి, ఇస్తే మంచిదే. ఇవ్వకపోతే శుభ్రం చేయడానికో ట్రేలు చేయడానికో సర్దుబాటు చేయమనండి. అదీ కుదరకపోతే ఐదు వేలు పోయాయనుకోండి. కట్టిన ఐదు వేల కోసం పది పళ్ళు అరగదీయించుకోవద్దు.

అబ్బాయికి చెప్పడం విషయం. ఆయన పళ్ళు చూశాకే నిశ్చితార్థం జరిగింది, దాచిందేమీ లేదు. చెప్పకుండా చేయించుకున్నా తప్పులేదు, కానీ నాలుగు నెలల్లో మారిన పళ్ళు చూసి మేనత్తగారు మళ్ళీ ఏదో ఒకటి అనొచ్చు, అప్పుడు జవాబు ఆయన దగ్గర ఉండదు. "మా ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్, చిన్నప్పుడు పడిన మచ్చలు, కొంచెం తగ్గించుకుంటున్నాను" అని ఫోన్లో మామూలుగా అనేస్తే ఆ జవాబు ఆయన నోటనే వస్తుంది. ఖర్చు నాన్నగారు అప్పు తెచ్చి పెట్టేట్టుంటే, మెట్టుమెట్టుగా వెళ్ళే దారిలో మీ జీతంతోనే గడిచే వీలుందని ఇంట్లో కూడా చెప్పండి.

పిల్లలకు రక్తంలో రాదు, నీళ్ళలో వస్తుంది. శాశ్వత దవడపళ్ళ ఎనామిల్ పుట్టిన వెంటనే మొదలవుతుంది. పై ముందుపళ్ళకు పదిహేను నుంచి ముప్ఫై నెలల మధ్య కాలం మరీ సున్నితం. మన ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. బెంగళూరులో కావేరి నీళ్ళతో ఆ బాధ లేదు గానీ, టాంకరు నీళ్ళు ఏ బోరువో చెప్పలేం, కోలారు వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఉన్న సంగతి తెలిసిందే. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో తీసేస్తుంది. తల్లిపాలలో, తల్లి ఏ నీళ్ళు తాగినా, ఫ్లోరైడ్ చాలా తక్కువ. డబ్బాపాలు బోరు నీళ్ళతో కలిపితేనే చిక్కు. పురిటికి పుట్టింటికి వెళ్తే నాలుగైదు నెలలు అక్కడే ఉంటారు కదా. ఈ దసరాకు ఊరెళ్ళినప్పుడు ఒక లీటరు ప్లాస్టిక్ సీసాలో, గాజుది వద్దు, మీ ఇంటి బోరు నీళ్ళు పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఇచ్చి రండి. అదే సీసాతో పాటు అమ్మగారి వంటింట్లో బిందెలోని నీళ్ళు కూడా విడిగా పట్టండి. తాగేది, వండేది ఒకటి కాకపోవచ్చు.